జపాన్ స్కూల్ స్టాఫ్‌తో బోనెన్‌కాయ్‌కి వెళ్తున్నారా? ఇలా చేయండి

నవంబరు నెల వచ్చిందంటే చాలు, జపాన్ స్కూళ్ళలో అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్లుగా, అంటే ఇంగ్లిష్ నేర్పే ఏఎల్‌టీలుగా కొత్తగా చేరిన మనవాళ్ళు వరసపెట్టి ఒకటే అడుగుతారు. "స్టాఫంతా కలిసి బోనెన్‌కాయ్‌కి వెళ్తున్నారట, నన్నూ పిలిచారు, నేను మందు ముట్టను, మాంసం తినను, జపనీస్ అంతంతమాత్రం, వెళ్ళాలా వద్దా, వెళ్తే ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయం కదా అని ఇది.

వెళ్ళాలా వద్దా అన్నదానికి నా జవాబు: మొదటి ఏడాది తప్పకుండా వెళ్ళండి. మీ గ్లాసులో మందుందా టీ ఉందా అని ఎవరూ తొంగిచూడరు. పక్కనున్నవాళ్ళ గ్లాసు ఖాళీ అయినప్పుడు మీరు గమనించారా, మర్నాడు వచ్చి థాంక్స్ చెప్పారా, ఇవి మాత్రం గుర్తుపెట్టుకుంటారు. ఈ రెండూ మందు తాగనివాళ్ళు కూడా హాయిగా చేయగలిగినవే.

బోనెన్‌కాయ్ అంటే డిసెంబరులో పాత ఏడాదిని సాగనంపే విందు. ఇదొక్కటే కాదు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది, ప్రభుత్వ స్కూళ్ళ టీచర్లకు కొన్నేళ్ళకోసారి బదిలీలుంటాయి, కాబట్టి మార్చి చివర్లో వెళ్ళేవాళ్ళకు వీడ్కోలు విందు, ఏప్రిల్లో వచ్చినవాళ్ళకు స్వాగత విందు. స్పోర్ట్స్ డే అయిపోయిన సాయంత్రం ఇంకోటి. జపాన్ ప్రభుత్వం విదేశీ టీచర్లను రప్పించడానికి 1987లో మొదలుపెట్టిన జెట్ కార్యక్రమం ద్వారా వచ్చినవాళ్ళకైనా, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళకైనా పద్ధతి ఒకటే. కింద రాసినది బోనెన్‌కాయ్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ మిగతావాటికీ పనికొస్తుంది.

దగ్గర ఉండాల్సినవి

- సరిగ్గా లెక్కపెట్టిన చిల్లర. మామూలుగా మనిషికి 4,000 నుంచి 6,000 యెన్లు, బోనెన్‌కాయ్ మంచి హోటల్లో పెడితే ఇంకాస్త ఎక్కువ. ఒక కవరులో పెట్టి పైన మీ పేరు కతకానలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, రాయండి.
- చిరుగుల్లేని సాక్సులు. నవ్వకండి, ఐదో మెట్టుకి వచ్చాక తెలుస్తుంది.
- విందయ్యాక కొందరు కలిసి వెళ్ళే రెండో రౌండుకి మీరూ వెళ్తే అయ్యే ఖర్చుకి విడిగా 3,000 యెన్లు.
- ఫోన్ ఫుల్ చార్జింగ్, అందులో ఆఖరి రైలు టైం స్క్రీన్‌షాట్, అనువాదం యాప్.
- ఇంగ్లిష్ టీచర్లలో మీతో కాస్త చనువున్న ఒక మనిషి. ముందురోజే "నా పక్కన కూర్చోకపోయినా ఫర్వాలేదు, నేను ఇబ్బందిపడుతున్నట్టు కనిపిస్తే ఒకసారి వచ్చి పలకరించండి" అని చెప్పిపెట్టుకోండి.

1. కాంజి ఎవరో కనుక్కోండి, గడువులోపు జవాబివ్వండి

ప్రతి విందుకీ ఒక నిర్వాహకుడో నిర్వాహకురాలో ఉంటారు, వాళ్ళని కాంజి అంటారు. హోటల్ బుక్ చేసేది, డబ్బులు వసూలు చేసేది, సీట్లు చూసేది అంతా వాళ్ళే. చాలాసార్లు స్టాఫ్‌లో వయసులో చిన్న టీచరు మెడకే పడుతుంది ఈ పని. కొద్ది వారాల ముందు పేర్ల జాబితా ఉన్న కాగితం టేబుల్ నుంచి టేబుల్‌కి తిరుగుతుంది, మీ పేరు ఎదురుగా వస్తున్నట్టయితే సున్నా చుట్టాలి, రాకపోతే ఇంటూ గుర్తు. టిక్కు పెట్టకండి, జపాన్‌లో పేపర్లు దిద్దేటప్పుడు తప్పు జవాబుకి పెట్టేది టిక్కే, పాపం కాంజి మీ దగ్గరికొచ్చి మళ్ళీ అడగాల్సి వస్తుంది.

ఒక్కసారి సున్నా చుట్టాక చివరి నిమిషంలో మానేయడం మహా చెడ్డ పని. హోటల్ వాళ్ళు తలల లెక్కన వండిస్తారు, ఆ రోజు రద్దు చేస్తే చాలాచోట్ల మొత్తం డబ్బు పడుతుంది. జ్వరమొస్తే కాంజికి పొద్దున్నే చెప్పి, డబ్బు మాత్రం ఇచ్చేయండి, వాళ్ళు వద్దన్నా సరే ఒకసారి ఇవ్వబోండి. స్టాఫ్ నెలనెలా ఒక నిధికి డబ్బు కడుతూ ఉంటారు, ఏఎల్‌టీలు చాలామంది అందులో ఉండరు, అందుకని మీ దగ్గర విడిగా వసూలు చేస్తే వేరుగా చూస్తున్నారని బాధపడకండి.

మూడు నాలుగు స్కూళ్ళు తిరిగేవాళ్ళకు ఒకే శుక్రవారం రెండు పిలుపులు రావచ్చు. ముందు పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, రెండోవాళ్ళకు కారణం ఉన్నదున్నట్టు చెప్పండి, అర్థం చేసుకుంటారు.

2. తిండి సంగతి కనీసం వారం ముందు చెప్పండి

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విందులో ఎవరికి కావాల్సింది వాళ్ళు ఆర్డరివ్వడం ఉండదు, కోర్సు భోజనం ముందే ఖాయం చేస్తారు: సషిమి అనే పచ్చి చేప ముక్కలు, వేయించిన కోడిముక్కలు, చలికాలం కాబట్టి మధ్యలో పొయ్యి మీద ఉడికే నాబె కుండ, అందులో మాంసమో చేపో కూరగాయలతో కలిసి ఒకే రసంలో మరుగుతూ ఉంటాయి. అక్కడికి వెళ్ళాక "నేను వెజిటేరియన్" అంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

"వెజిటేరియన్" అన్న మాట ఒక్కటే చెప్పి వదిలేస్తే హామ్ ముక్కలు చల్లిన సలాడ్ వస్తుంది. చికెన్‌ని, చేపని మాంసం లెక్కలో వేసుకోనివాళ్ళు ఉన్నారు మరి. కాబట్టి ఏవేవి తినరో పేరుపేరునా కాగితం మీద రాసివ్వండి. మాట: "నికు తో సాకనా వ తబెరరెమసెన్", అంటే మాంసమూ చేపా తినలేను అని. దాని కింద కోడి, పంది, గొడ్డుమాంసం, హామ్, బేకన్, రొయ్య, గుడ్డు అని ఒక్కొక్కటీ రాసి తినేదానికి సున్నా, తిననిదానికి ఇంటూ పెట్టి కాంజి చేతికివ్వండి.

ఇక అసలు చిక్కు దషి. అది ఎండబెట్టిన చేపతో కాచే రసం, మిసో సూపులో ఉంటుంది, గుడ్డు అట్టులో ఉంటుంది, వేయించిన టోఫు మీద పోసే పులుసులో ఉంటుంది, కంటికి కనిపించదు. దషి మీకు సమ్మతమా కాదా అన్నది ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోండి, అక్కడ టేబుల్ దగ్గర కాదు. సమ్మతమైతే "దషి వ దైజోబు దెస్", దషి ఫర్వాలేదు, అని ఒక్క మాట కలపండి, కాంజి పని సగం తేలికవుతుంది, హోటల్ వాళ్ళు కూడా ఏదో ఒకటి చేసిపెడతారు. ససేమిరా అనుకుంటే అదీ స్పష్టంగా చెప్పండి, కాకపోతే అప్పుడు దొరికేవి తక్కువ: ఎడమామె అనే ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఆలూ ఫ్రైస్, కోసిన టమాటా, ఉప్పూ నువ్వుల నూనె వేసిన పచ్చి క్యాబేజీ, దోసకాయ పెట్టి చుట్టిన సుషి. చల్లటి టోఫు అడిగితే పైన చేప పొట్టు చల్లి తెస్తారు, వద్దని ముందే చెప్పాలి.

గొడ్డుమాంసం మాత్రమే తిననివాళ్ళు "గ్యూనికు వ తబెరరెమసెన్" అంటే సరిపోతుంది, కానీ హాంబాగు అనే కైమా వంటకం దగ్గర జాగ్రత్త, అందులో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపిన కైమా వాడటం మామూలు.

ఎలాంటి ఏర్పాటు చేసినా సరే, బయల్దేరే ముందు ఇంట్లో కాస్త పెరుగన్నం తినేసి వెళ్ళండి. ఖాళీ కడుపుతో మూడు గంటలు సోయా కాయలు ఒలుచుకుంటూ నవ్వుతూ ఉండటం ఎవరివల్లా కాదు. తక్కువ తిన్నాను కాబట్టి తక్కువ ఇస్తానని మాత్రం అనొద్దు, బిల్లు అందరికీ సమానం.

3. ఇంటికెలా వస్తారో పగలే తేల్చుకోండి

ఊళ్ళలో పనిచేసే ఏఎల్‌టీలకు కారుంటుంది, లేదా సైకిలుంటుంది. తాగే ఉద్దేశం గోరంత ఉన్నా రెండూ ఇంట్లో వదిలేయండి. ఇక్కడ శ్వాసలో లీటరుకి 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దొరికితే చాలు కేసే, మూడేళ్ళ వరకూ జైలు లేదా 5 లక్షల యెన్ల వరకూ జరిమానా. 2007లో చట్టం మార్చినప్పటి నుంచి తాగాడని తెలిసీ ఆ బండెక్కినవాళ్ళకూ, బండి ఇచ్చినవాళ్ళకూ, బండి నడపబోయేవాడికి మందు పోసినవాళ్ళకూ శిక్ష ఉంది. 2024 నవంబరు నుంచి సైకిలుకి కూడా ఇదే 0.15 లెక్క, ఇవే శిక్షలు. "సైకిలే కదా" అనే మాట ఇక చెల్లదు. పట్టుబడిన టీచర్ల ఉద్యోగాలు పోయిన వార్తలు ఏటా చూస్తూనే ఉంటాం, అందులో ఏఎల్‌టీ అయితే వీసా కూడా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది.

మీకున్న దారులు ఇవి:

రైలు, బస్సు: చిన్న ఊళ్ళలో ఆఖరి బస్సు రాత్రి తొమ్మిదికే అయిపోవచ్చు, రైలు కూడా టోక్యో అంత ఆలస్యం దాకా ఉండదు. శుక్రవారం టైంటేబుల్, శనాదివారాల టైంటేబుల్ వేరువేరు, సరైనది చూసుకోండి.

టాక్సీ: రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా మీటరు మీద 20 శాతం అదనం.

దాయ్‌కో: మన దగ్గర అంతగా కనిపించని సదుపాయం ఇది. ఫోన్ చేస్తే ఇద్దరు మనుషులు ఒక కారులో వస్తారు, ఒకరు మీ కారు నడిపి మిమ్మల్ని ఇంటికి చేరుస్తారు, రెండోవారు వెనకే వచ్చి అతన్ని ఎక్కించుకుని పోతారు. డిసెంబరు శుక్రవారాల్లో గంట పైన వెయిటింగ్ ఉంటుంది, అందుకే విందు ముగియక ముందే బుక్ చేయాలి. కాంజిని అడిగితే చేసిపెడతారు.

తాగనివాళ్ళ బండి: మీరు అసలు తాగరు కాబట్టి కారు తీసుకెళ్ళడం అన్నిటికన్నా మంచి ఎత్తు. "కురుమా దెస్", కారులో వచ్చాను, అన్న ఒక్క మాటతో ఆ రాత్రంతా ఎవరూ మిమ్మల్ని తాగమని అడగరు. అదే దారిలో ఉన్న ఇద్దరు టీచర్లని దింపితే ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుంటారు.

4. ఐదు పది నిమిషాల ముందు చేరండి

ఆఫీసు బట్టలు చాలు. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, బహుమతులు తీసుకెళ్ళక్కర్లేదు. లోపలికి వెళ్ళగానే ఎదురైన ప్రతివాళ్ళకీ "ఓత్సుకరెసమా దెస్", బాగా కష్టపడ్డారు అనే పలకరింపు, అని చిన్నగా తలవంచండి. డబ్బు కవరు గుమ్మం దగ్గరున్న కాంజికి ఇవ్వండి.

5. చెప్పులు, సీటు, తడి టవలు

ఇజకాయాల్లో, అంటే మందూ తిండీ దొరికే హోటళ్ళలో, చాలావాటిలో తతామి గదులు, అంటే నేలంతా గడ్డి చాపలు పరిచిన గదులుంటాయి, చెప్పులు విప్పి అల్మారాలో పెట్టి చెక్క తాళం తీసుకోవాలి. ఇందుకే సాక్సుల మాట చెప్పింది. బాత్రూం దగ్గర వేరే స్లిప్పర్లుంటాయి, వాటితోనే తిరిగి తతామి మీదికి వచ్చేస్తే గదంతా ఘొల్లుమంటుంది.

సీట్లు స్కూల్ విందుల్లో తరచూ చీటీలు తీసి నిర్ణయిస్తారు. చీటీలు లేకపోతే మీ అంతట మీరు వెళ్ళి కూర్చోకండి, గుమ్మానికి దూరంగా ఉండే లోపలి చోటు ప్రిన్సిపాల్‌ది, గుమ్మానికి దగ్గరగా ఉండేవి కాంజికీ చిన్నవాళ్ళకీ. నిలబడి ఉంటే ఎవరో ఒకరు చూపిస్తారు. కింద బాసింపట్టు వేసుకుని రెండు గంటలు కూర్చోవడం అమెరికా నుంచి వచ్చిన ఏఎల్‌టీలకు నరకం, మనకి పెళ్ళిళ్ళలో అలవాటే కదా. ఆడవాళ్ళు కాళ్ళు ఒక పక్కకి మడిచి కూర్చోవడం ఇక్కడి వాడుక, పొడుగు కుర్తా వేసుకుంటే ఏ గొడవా లేదు.

తడి టవలు ఇస్తారు, చేతులు తుడుచుకోవడానికి. ముఖం, మెడ తుడవకండి, కొందరు పెద్దాయనలు తుడుస్తారు గానీ వాళ్ళని చూసి నేర్చుకోవద్దు.

6. కంపాయ్ అనేదాకా గ్లాసు నోటికి తగలనివ్వకండి

మొదటి డ్రింకు అందరికీ ఒకేసారి తెస్తారు, ఎక్కువమంది బీరే చెప్తారు, త్వరగా వస్తుందని. మీరు "ఊరోన్‌చా" అని చెప్పండి, అంటే ఊలాంగ్ టీ, రంగుకి రంగూ ఉంటుంది, ప్రతి ఇజకాయాలోనూ దొరుకుతుంది. "ఓసాకె వ నోమెమసెన్", మందు తాగలేను, అంటే చాలు. మతం, ఇంట్లో అమ్మానాన్నలు, ఆరోగ్యం అని కథలు చెప్పక్కర్లేదు, ఎంత ఎక్కువ కారణాలు చెప్తే అంత ఎక్కువ ప్రశ్నలు. జపాన్‌వాళ్ళలోనే ఒంటికి మందు పడనివాళ్ళు చాలామంది ఉన్నారు, మీరేం వింత కాదు.

ఒక హెచ్చరిక: ఊరోన్‌చా వేరు, ఊరోన్‌హై వేరు. రెండోది అదే టీలో షోచు అనే సారా కలిపింది. రంగు ఒకటే, గ్లాసు ఒకటే, హడావుడిలో ట్రేలో రెండూ పక్కపక్కనే వస్తాయి. ప్రతిసారీ వాసన చూసి తాగండి. ఆరెంజ్ జ్యూస్‌కీ ఇదే వర్తిస్తుంది, దాని మందు రకాలు కూడా ఉన్నాయి. కారులో వచ్చినవాళ్ళకు ఈ ఒక్క పొరపాటే కొంప ముంచుతుంది.

అందరికీ గ్లాసులొచ్చాక ప్రిన్సిపాల్ నాలుగు మాటలు చెప్తారు, ఒకరు లేచి "కంపాయ్", అంటే చీర్స్, అంటారు, అప్పుడు తాగాలి. గ్లాసు తగిలించేటప్పుడు పెద్దవాళ్ళ గ్లాసు అంచుకన్నా మీది కాస్త కింద ఉండాలి. ప్రిన్సిపాల్ గారు మర్యాదకి తనది కూడా కిందికి దించుతారు, మీరు ఇంకా దించుతారు, అలా టేబుల్ దాకా వెళ్ళిపోతే అందరూ నవ్వుతారు, అదీ మంచిదే.

స్వాగత విందు అయితే కొత్తవాళ్ళని ఒక్క మాట చెప్పమంటారు. పేరు, ఊరు, ఒక ఇష్టం, చివర "యొరొషికు ఒనెగై షిమస్", అంటే నన్ను కాస్త చూసుకోండి అని. ముప్పై సెకన్లలో ముగించండి. అందరి చేతుల్లోనూ బీరు వేడెక్కిపోతూ ఉంటుంది.

7. గ్లాసులు నింపండి (ముఖ్యమైన మెట్టు ఇదే)

మొదటి అరగంట ఎవరి సీట్లో వాళ్ళు తింటారు. తర్వాత ఒక్కొక్కరూ బీరు సీసా చేతపట్టుకుని ఇతరుల దగ్గరికి వెళ్ళడం మొదలెడతారు. స్టాఫ్ రూంలో ఏడాదంతా "ఒహయో గొజైమస్", అంటే గుడ్ మార్నింగ్, తప్ప ఇంకో మాట మాట్లాడని లెక్కల మాస్టారి పక్కన ఐదు నిమిషాలు కూర్చునే అవకాశం ఇప్పుడే వస్తుంది. తన గ్లాసు తాను నింపుకోవడం ఇక్కడి పద్ధతి కాదు, ఒకరిది ఒకరు నింపుతారు. మీరు తాగకపోయినా పోయొచ్చు, పొయ్యాలి కూడా.

ఎలాగంటే: సీసా లేబుల్ పైకి కనిపించేలా కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి కింద ఆసరా పెట్టండి. మోకాళ్ళ మీద పక్కన కూర్చోండి, నిలబడి పై నుంచి పోయకండి. గ్లాసులో బీరు సగానికి పైన ఉంటే ముందు చూపులతో అడగండి, వాళ్ళే ఒక గుక్క తాగి గ్లాసు ముందుకి చాపుతారు. వాళ్ళు చెయ్యి అడ్డం పెడితే ఆపేయండి. ప్రిన్సిపాల్ దగ్గరికి, వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికి తప్పక వెళ్ళండి, వరసలో నలుగురుంటే ఆగి వెళ్ళండి. మాట దొరకకపోతే "ఇత్సుమో ఒసెవా ని నత్తె ఒరిమస్", ఎప్పుడూ మీ సాయం పొందుతున్నాను, అంటే చాలు.

ఆఫీసు గుమాస్తా, వంటగది సిబ్బంది, బడి చుట్టూ మొక్కలు చూసుకునే ఆయన, వీళ్ళూ వస్తారు. ప్రిన్సిపాల్ చుట్టూ మూగే జనంలో వీళ్ళని పట్టించుకునేది తక్కువ. నన్నడిగితే ముందు వీళ్ళ దగ్గరికే వెళ్ళండి. మీ ఫొటోకాపీలు, హీటరు, లంచ్‌లో మాంసం లేని గిన్నె, అన్నీ వీళ్ళ చేతుల్లోనే ఉంటాయి.

మీకు ఎవరైనా పోయడానికి వస్తే గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టుకోండి, పోశాక కిందపెట్టే ముందు ఒక్క గుక్క తాగండి. బీరు పోయబోతే "ఊరోన్‌చా దె" అని నవ్వుతూ అనండి, టీ జగ్గు తెచ్చి అదే పోస్తారు. తాగేవాళ్ళకి చిట్కా: ఇక చాలనుకుంటే గ్లాసు నిండుగా వదిలేయండి. ఖాళీ చేసినంతసేపూ నింపుతూనే ఉంటారు, ఎవరి తప్పూ కాదు, పద్ధతే అది.

బలవంతపెట్టేవాళ్ళు లేరని కాదు, అక్కడక్కడా ఒకరుంటారు. వాదించకండి, "టాయిలెట్‌కి వెళ్ళొస్తా" అని లేచి, తిరిగొచ్చేటప్పుడు వేరేచోట కూర్చోండి. ఈ టైంకి ఎవరి సీటు వాళ్ళది కాదు కాబట్టి తేడా తెలియదు. ఆడవాళ్ళకి ఇబ్బంది అనిపిస్తే నర్సు టీచరు ఉన్న బల్ల దగ్గరికి చేరండి, దాదాపు ప్రతి స్కూల్లో ఉంటారు, పిల్లల్ని గమనించే అలవాటున్న మనిషి కాబట్టి చెప్పకుండానే కనిపెడతారు.

8. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ముందే చెప్తాను, జవాబులు తయారుచేసుకోండి. రోజూ కూరేనా తింటారు? కారం ఎంత తింటారు? పందొమ్మిదో ఎక్కం దాకా కంఠతా వచ్చా? ఇండియావాళ్ళందరికీ లెక్కలు అలా వస్తాయని ఇక్కడ గట్టి నమ్మకం, 17 తొమ్ములు ఎంత అని అక్కడికక్కడే పరీక్ష పెట్టేస్తారు, 153 అని వెంటనే చెప్పగలిగితే ఆ రాత్రికి మీరే హీరో. తెలుగు అంటే తెలియకపోవచ్చు, కానీ 2022లో ఇక్కడ విడుదలై నెలల తరబడి ఆడిన మన సినిమా పేరు చెప్పండి, ఎవరో ఒకరు లేచి ఆ స్టెప్పు వేసి చూపిస్తారు, మిమ్మల్నీ వెయ్యమంటారు. రాకపోయినా వెయ్యండి.

పెళ్ళైందా, ఎందుకు కాలేదు, ప్రియుడున్నాడా, ఇలాంటివీ రావచ్చు. మన చుట్టాలు అడిగినట్టే అనుకుని "హిమిత్సు దెస్", రహస్యం, అని నవ్వేస్తే అక్కడితో ఆగుతుంది.

మాట్లాడకూడనివి: మీ జీతం, కాంట్రాక్టు, తోటి ఇంగ్లిష్ టీచరు మీద ఫిర్యాదు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల పేర్లు. చిన్న ఊరైతే పక్క గదిలో భోంచేస్తున్నది మీ క్లాసు పిల్లాడి తల్లిదండ్రులు కావచ్చు, పళ్ళాలు తెచ్చిన అమ్మాయి నిరుడు మీ స్కూల్లో చదివి ఉండొచ్చు. ఫొటోలు తీసుకోండి, కానీ సోషల్ మీడియాలో పెట్టకండి, గ్లాసు పట్టుకున్న మాస్టారి ఫొటో పిల్లల ఫోన్లలో తిరిగితే ఇబ్బందిపడేది ఆయనే.

9. ముగింపు చప్పట్లు, ఆ తర్వాత

పానీయాలు మామూలుగా రెండు గంటల లెక్కన మాట్లాడుకుని ఉంటారు, ముగియడానికి అరగంట ముందు లాస్ట్ ఆర్డర్ అంటారు. చివర అందరినీ నిలబెట్టి ఒకరు "ఇయో" అంటారు, వెంటనే అందరూ కలిసి చప్పట్లు. మూడు, మూడు, మూడు, ఆఖరున ఒకటి. కొన్నిచోట్ల ఒకే ఒక్క చప్పట్లతో సరి. మొదటి చప్పట్లు ఒక అరక్షణం ఆలస్యంగా కొట్టండి, పక్కవాళ్ళని చూసి కలిసిపోవచ్చు. అది అయిందంటే విందు అయినట్టే, ఇక కూర్చోకండి.

బయటికొచ్చేటప్పుడు చెప్పులు మీవేనా చూసుకోండి. స్టాఫంతా నల్ల బూట్లేసుకొచ్చే రాత్రి ఇది, మారిపోవడం మామూలే.

హోటల్ ముందు అందరూ గుంపుగా నిలబడి కాసేపు ఏమీ తేల్చరు. రెండో రౌండు, అంటే నిజికాయ్, అక్కడే మొదలవుతుంది. సాధారణంగా కరావోకె, లేకపోతే చిన్న బారు. వెళ్ళడం మీ ఇష్టం, సగం మంది ఇక్కడే ఇళ్ళకి పోతారు. వెళ్ళనివాళ్ళు "ఓసాకి ని షిత్సురెయ్ షిమస్", మీకన్నా ముందు వెళ్తున్నాను, మన్నించండి, అని చెప్పి వెళ్ళిపోవాలి, చెప్పకుండా మాయమైతే మిమ్మల్ని వెతుకుతూ ఇద్దరు టీచర్లు చలిలో తిరుగుతారు. వెళ్ళేవాళ్ళు కరావోకెలో అందరికీ తెలిసిన పాత ఇంగ్లిష్ పాట ఒకటి ఎంచుకోండి, తెలుగు పాటలు మిషన్‌లో దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఒక జపనీస్ పాటలో పల్లవి మాత్రం నేర్చుకుని వెళ్తే ఇంకా మంచిది. మూడో రౌండు రామెన్ దుకాణం, దానికి నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఆ టైంకి ఆఖరి రైలు పోయి ఉంటుంది.

10. మర్నాడు పొద్దున

శుక్రవారం విందైతే సోమవారం, వారం మధ్యలో విందైతే మర్నాడే. టైంకన్నా ఐదు నిమిషాలు ముందే రండి, తలనొప్పిగా ఉన్నా సరే. ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, కాంజి, మీతో ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళు, వీళ్ళ దగ్గరికి వెళ్ళి "కినో వ అరిగతో గొజైమషిత", నిన్నటికి థాంక్స్, అనండి. సోమవారమైతే "కినో" బదులు "కిన్‌యోబి", శుక్రవారం. కాంజికి ఇంకో మాట కలపండి, మీ తిండి కోసం హోటల్‌కి ఎన్ని ఫోన్లు చేశారో మీకు తెలియదు.

అక్కడితో ఆపేయాలి. రాత్రి ఎవరు పాడారు, ఎవరు ఏడ్చారు, ఎవరు బల్లకింద నిద్రపోయారు, ఇవి స్టాఫ్ రూంలో ఎత్తకండి.

బాగా జరిగిందా లేదా ఎలా తెలుస్తుంది?

చాలామంది ఇక్కడే కంగారుపడి నన్ను అడుగుతారు. "రాత్రి భుజం మీద చెయ్యేసి నవ్విన సార్, పొద్దున నన్ను చూసి మామూలుగా తలూపి వెళ్ళిపోయారు, నేనేమైనా తప్పు చేశానా?" ఏ తప్పూ లేదు. రాత్రి మనిషి వేరు, పొద్దున మనిషి వేరు, అందరితోనూ ఆయన అలాగే ఉంటారు. దీన్ని బట్టి లెక్క వేయకండి. నిజికాయ్‌కి గట్టిగా పిలవకపోవడం కూడా లెక్కలోకి రాదు, మీకు బలవంతంగా అనిపించకూడదని పిలవకపోయి ఉండొచ్చు.

చూడాల్సింది తర్వాతి రెండు మూడు వారాలు. ఇంతకుముందు పలకరించని టీచరెవరైనా టీ కాచుకునే చోట ఆగి ఒక మాట మాట్లాడారా? బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఒకసారి రమ్మన్నారా? మీ బల్ల మీద ఎవరైనా ఊరి నుంచి తెచ్చిన స్వీటు పెట్టారా? వీటిలో ఒక్కటి జరిగినా బాగా అయినట్టే. అన్నిటికన్నా కచ్చితమైన గుర్తు, వచ్చే విందుకి కాగితం తిరిగినప్పుడు కాంజి తనంతట తాను వచ్చి "మాంసం, చేప వద్దు, దషి ఫర్వాలేదు, అంతేగా?" అని అడగడం.

ఏదీ జరగకపోతే కారణం ఎక్కువగా ఈ మూడింట్లో ఒకటి అవుతుంది. మొత్తం విందు మీ సీట్లోనే కూర్చుండిపోయారు, లేదా ఇంగ్లిష్ వచ్చిన ఒక్క టీచరుతోనే రెండు గంటలూ గడిపారు, లేదా మర్నాడు థాంక్స్ చెప్పలేదు. మూడూ వచ్చేసారి సరిచేసుకోవచ్చు, జనవరిలో కొత్త సంవత్సరం విందు ఉండే స్కూళ్ళూ ఉన్నాయి, లేకపోతే మార్చి వీడ్కోలు ఉండనే ఉంది. ఆ విందుకి మాత్రం వెళ్ళిపోయేవాళ్ళ పేర్లు ముందే కనుక్కుని, వాళ్ళలో మీకు సాయం చేసినవాళ్ళకి చిన్న కార్డు రాసి తీసుకెళ్ళండి. జపనీస్‌లో రెండు వాక్యాలు చాలు, రాశాక ఎవరిచేతనైనా ఒకసారి దిద్దించుకోండి.